మీకు తెలుసా? ఒక్క ఓటుతో పడిన మంత్రివర్గం, బారువ నుంచి వచ్చిన తీర్మానం

పూండిలో రైలెక్కి ఇచ్ఛాపురం వైపు వెళితే పలాస, మందస రోడ్డు దాటాక బారువ వస్తుంది. 1909 ఆగస్టు 16న ఆ బారువలో, కల్లుగీత కులంలో పుట్టిన గౌతు లచ్చన్న 1954లో కర్నూలు శాసనసభలో ఒక తీర్మానం పెట్టారు. దాని మీద ఓట్లు లెక్కపెట్టిన రోజునే ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గం పడిపోయింది. తేడా ఒక్క ఓటు.

ఆ రోజు సభలో జరిగిన ప్రతి పని వెనకా ఒక చరిత్ర ఉంది. భయం లేకుండా లేచి మాట్లాడటం, స్పీకర్ తటస్థంగా కూర్చోవడం, తలలు లెక్కపెట్టి తీర్పు చెప్పడం, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం... ఇవన్నీ ఒక రూపానికి రావడానికి పదిహేడో శతాబ్దపు లండన్‌లో మనుషులు జైలుకు వెళ్లారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఆ రెండు కాలాలనూ పక్కపక్కన పెట్టి కొన్ని సంగతులు చెప్పుకుందాం.

రాష్ట్రం కంటే ముందే వచ్చిన నిషేధం

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. రాజధాని కర్నూలు, తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, ఉప ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. సరిపడా భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచిన రాజధాని అది. సభకు కొత్తగా ఎన్నికలు జరగలేదు. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి ఎన్నికైన సభ్యులే 140 స్థానాల ఈ సభలో కూర్చున్నారు.

మద్రాసు నుంచి మనకు పంపకంలో వచ్చింది సభ్యులు మాత్రమే కాదు, మద్యనిషేధం కూడా. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. యుద్ధకాలంలో ఆగి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. అంటే ఆంధ్ర రాష్ట్రం కళ్లు తెరిచేనాటికే ఇక్కడి తాటిచెట్టు మీద చట్టం కాపలా ఉంది.

నేరమా కాదా అన్నది కుండలో సున్నం చెప్పేది

తీరం వెంబడి తాటిచెట్టు మీద బతికే కుటుంబాలకు ఆ కాపలా ఎలా తగిలిందో తెలియాలంటే గీత పని ఒకసారి దగ్గరగా చూడాలి. గీతకారుడు నడుముకు మోకు వేసుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కుతాడు. గెల కొసను పదునైన కత్తితో పల్చగా చెక్కుతాడు. ఆ కోత నుంచి ఊరే రసం బొట్టుబొట్టుగా కట్టిన కుండలో పడుతుంది. కుండ లోపల సున్నం పూసి ఉంటే రసం పులియదు. తియ్యగా ఉంటుంది, బెల్లం వండుకోవచ్చు. సున్నం లేకపోతే ఎండెక్కేలోపే పులిసి కల్లవుతుంది.

చెట్టు అదే, మనిషి అదే, ఎక్కిన ఎత్తూ అదే. నిషేధం వచ్చాక మాత్రం కుండ లోపలి ఆ తెల్లటి పూత ఉంటే బెల్లం పని, లేకపోతే కేసు. వేరే భూమి లేనివాళ్లకు, వేరే పని రానివాళ్లకు ఇది రోజువారీ గండమైంది. లచ్చన్న వీళ్ల తరఫున గీత సత్యాగ్రహం నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలు చూసిన మనిషి, నిడుబ్రోలులో ఆచార్య ఎన్‌.జి.రంగా దగ్గర రైతు రాజకీయం నేర్చుకున్న మనిషి. జనం ఆయన్ని సర్దార్ అని పిలుచుకున్నారు.

కమిటీ ఒకటి చెప్పింది, ప్రభుత్వం ఇంకొకటి చేసింది

నిషేధం ఎలా నడుస్తోందో చూసి చెప్పమని ప్రభుత్వమే ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు విశ్రాంత ఐసీఎస్ అధికారి ఎస్‌.వి.రామమూర్తి. నిషేధం ఫలించలేదని, ఎత్తివేయాలని ఆ సంఘం సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఆ సిఫార్సును అమలు చేయలేదు.

లచ్చన్న పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. ప్రభుత్వం తానే వేసిన సంఘం మాటను తానే పక్కన పెట్టింది కనుక దానిపై సభకు నమ్మకం లేదని అవిశ్వాస తీర్మానం పెట్టారు. కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్షాలు ఆ తీర్మానం వైపు నిలిచాయి. తాటితోపుల్లో మొదలైన గోడు సభా నియమాల భాషలోకి మారిన క్షణం అది. సత్యాగ్రహం చేస్తే ప్రభుత్వం జైల్లో పెట్టగలదు. నియమం ప్రకారం వచ్చిన అవిశ్వాస తీర్మానానికి మాత్రం సభ ముందు నిలబడి జవాబు చెప్పి తీరాలి.

69 – 68

1954 నవంబరు 6, శనివారం. తీర్మానానికి అనుకూలంగా 69 ఓట్లు, వ్యతిరేకంగా 68. ఓటు వేసినవారు మొత్తం 137 మంది. ముఖ్యమంత్రి ప్రకాశం వయసు అప్పటికి 82 ఏళ్లు. లండన్‌లో బారిస్టరు చదివి వచ్చిన ఆయనకు సభా సంప్రదాయం ఒకరు చెప్పాల్సింది కాదు.

నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. పుట్టి పద్నాలుగు నెలలైనా నిండని రాష్ట్రం మళ్లీ ఎన్నికల దారి పట్టింది.

69లో ఒక్కరు రాకపోయి ఉంటే?

అప్పుడు లెక్క 68 – 68. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం స్పీకర్ మామూలుగా ఓటు వేయరు. రెండు పక్కలా సమానంగా వస్తేనే ఆయనకు నిర్ణాయక ఓటు. ఆనాటి స్పీకర్ నల్లపాటి వెంకట్రామయ్య. అంటే ఒక సభ్యుడికి జ్వరం వచ్చినా, ఎక్కిన రైలు ఆలస్యమైనా మంత్రివర్గం ఉండాలో పోవాలో తేల్చే భారం ఆయన మీద పడేది.

ఇలాంటి రోజులు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. 1979 మార్చి 28న బ్రిటన్‌లో జేమ్స్ కాలహన్ ప్రభుత్వం 311 – 310 ఓట్లతో పడిపోయింది. 1999 ఏప్రిల్ 17న మన లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వానికి 269 ఓట్లు వస్తే ఎదురుగా 270 పడ్డాయి. వీటికంటే ఎన్నో ఏళ్ల ముందే కర్నూలు సభ ఆ ఉత్కంఠ చూసేసింది.

ఇంకొక తేడా గమనించాలి. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. 1954లో సభ్యుడు తన పార్టీ మాటకు ఎదురు ఓటు వేసినా సభ్యత్వం పోయేది కాదు. అందుకే ఆ రోజు లెక్క చివరి మనిషి దాకా తేలలేదు.

బారువ సభ్యుడికి లండన్ సభ హక్కులు

ఇది చాలామందికి తెలియని సంగతి. మన రాజ్యాంగం 194వ అధికరణ, శాసనసభ్యుడు సభలో అన్న మాటకు గానీ వేసిన ఓటుకు గానీ ఏ కోర్టులోనూ జవాబు చెప్పనక్కర్లేదని హామీ ఇస్తుంది. సభకుండే మిగతా హక్కుల గురించి అదే అధికరణ మరో మాట కూడా చెప్పింది: చట్టం చేసుకునేదాకా, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటికి బ్రిటన్ కామన్స్ సభకు ఏ హక్కులున్నాయో అవే మన సభలకూ ఉంటాయని. కామన్స్ సభ పేరును ఆ అధికరణ నుంచి తొలగించింది 1978 నాటి 44వ సవరణ.

కాబట్టి 1954 నవంబరులో లచ్చన్న నిలబడ్డప్పుడు, ఆయన వెనక లండన్ కామన్స్ సభ సంపాదించిన హక్కులు అక్షరాలా నిలబడి ఉన్నాయి. సభలో మాటకు రక్షణ అక్కడ 1689 నాటి హక్కుల చట్టంలో 9వ అంశంగా చేరింది. అది ఊరికే చేరింది కాదు. సర్ జాన్ ఎలియట్ అనే సభ్యుడు 1629లో రాజుకు నచ్చని తీర్మానాలు తెచ్చినందుకు జైలుపాలై, 1632లో లండన్ టవర్ జైల్లోనే కన్నుమూశాడు. ఆ తీర్మానాలు పూర్తయ్యేదాకా సభ ముగియకూడదని ఇద్దరు సభ్యులు స్పీకర్ ఫించ్‌ను కుర్చీలోంచి లేవనివ్వకుండా పట్టుకున్నారు. తర్వాత పదకొండేళ్లు రాజు మొదటి చార్లెస్ పార్లమెంటునే పిలవలేదు.

రాజు అడిగినా స్పీకర్ పేర్లు చెప్పలేదు

1642 జనవరి 4. చార్లెస్ రాజు సాయుధులను వెంటబెట్టుకుని కామన్స్ సభలోకే వచ్చాడు. పిమ్, హాంప్‌డెన్, హోలిస్, హేజల్‌రిగ్, స్ట్రోడ్ అనే ఐదుగురు సభ్యులను పట్టుకుపోవడానికి. కబురు ముందే అందడంతో వాళ్లు పడవెక్కి తప్పించుకున్నారు. స్పీకర్ కుర్చీ దగ్గర నిలబడి, వాళ్లెక్కడని రాజు అడిగాడు. స్పీకర్ విలియం లెంథాల్ మోకాళ్ల మీద వంగాడు, మాట మాత్రం వంచలేదు. ఈ చోట సభ చెప్పినదే చూస్తాను, సభ చెప్పినదే పలుకుతాను, అంతకు మించి నాకు కళ్లూ లేవు, నోరూ లేదన్నది ఆయన జవాబు సారాంశం.

రష్‌వర్త్ అనే సహాయ గుమస్తా అక్కడే కూర్చుని ఆ మాటలు సంక్షిప్త లిపిలో రాసుకున్నాడు కాబట్టి మనకు దక్కాయి. ఆ రోజు తర్వాత ఏ ఇంగ్లండు రాజూ, రాణీ కామన్స్ సభలో అడుగుపెట్టలేదు. ఇవాళ మన సభలో స్పీకర్ లేవగానే ముఖ్యమంత్రయినా మాట ఆపి కూర్చోవలసిందే. ఆ మర్యాదకు బలం ఇలాంటి రోజుల నుంచే వచ్చింది.

మంత్రిని దించాలంటే తల తీయాల్సిన రోజులు

పదిహేడో శతాబ్దపు పార్లమెంటుకు అవిశ్వాస తీర్మానం అనే ఆయుధం లేదు. రాజుగారి మంత్రి నచ్చకపోతే నేరం మోపాలి, లేదా అతన్ని శిక్షించడానికే ప్రత్యేకంగా చట్టం చేయాలి. చార్లెస్ రాజుకు కుడిభుజమైన స్ట్రాఫర్డ్ ప్రభువు మీద నేరం రుజువు చేయలేక, సభ అలాంటి చట్టమే చేసింది. 1641 మే 12న అతని తల తీశారు. అదే ఏడాది నవంబరులో రాజు పాలన తప్పులన్నీ ఏకరువు పెట్టిన మహా ఆక్షేపణ పత్రం మీద అర్ధరాత్రి దాటేదాకా వాదించి, 159 – 148 ఓట్లతో నెగ్గించుకున్నారు. కత్తులు దూసేంత వరకు వచ్చిన రాత్రి అది. మరుసటి ఏడాది అంతర్యుద్ధం మొదలైంది.

కర్నూలులో 69 – 68 తేలాక ఎవరి తలా తెగలేదు. అధికారం పోయింది, మనిషి గౌరవంగా ఇంటికి వెళ్లాడు. మూడు వందల ఏళ్లలో సభలు నేర్చుకున్న అతిపెద్ద నాగరికత ఇదేనని నా నమ్మకం.

బిల్లుకు మూడు దశలు ఎందుకు?

మన శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టడం ఒక దశ, క్లాజు తర్వాత క్లాజు పరిశీలించడం రెండో దశ, ఆమోదించడం మూడోది. ఇది ఇంగ్లండు పార్లమెంటు నుంచి వచ్చిన మూడు పఠనాల పద్ధతి. పూర్వం అక్కడ సభ్యుల చేతిలో అచ్చు ప్రతులుండేవి కావు. గుమస్తా నిలబడి బిల్లు చదివితే అందరూ చెవిన వేసుకోవాలి. మొదటిసారి విని సంగతి తెలుసుకుంటారు. రెండోసారి విన్నాక వాదించి, కమిటీకి పంపి దిద్దుతారు. తోలు కాగితం మీద శుద్ధప్రతి రాశాక మూడోసారి విని ఒప్పుకుంటారు.

ఉదయాన్నే ప్రార్థనతో మొదలయ్యే ఆ సభలో ఒకే పూట ఒక ఊరి వంతెన బిల్లూ, ఒక కుటుంబం ఆస్తి బిల్లూ, రాజుగారి పన్నూ వరసగా వచ్చేవి. కనీసం 40 మంది ఉంటేనే సభ నడవాలన్న నియమం 1641 జనవరిలో పెట్టుకున్నారు. మన రాజ్యాంగం ఆ కోరం లెక్కను పది మంది లేదా సభలో పదో వంతు, ఏది ఎక్కువైతే అది అని రాసింది. సభలో తేల్చిన నిర్ణయాలను అచ్చువేసి జనానికి అమ్మడం అక్కడ 1680 నుంచి క్రమంగా సాగింది.

లెక్కలో తేడా, చట్టంలో మేలు

అప్పట్లో ఓటింగ్ అంటే ఒక పక్షం బయటికి వెళ్లాలి, రెండో పక్షం లోపలే కూర్చోవాలి. రెండు పక్షాల తరఫునా లెక్కించేవాళ్లు తలుపు దగ్గర నిలబడతారు. 1679 మే 27న ప్రభువుల సభలో, మనిషిని అక్రమంగా నిర్బంధించకుండా కాపాడే హెబియస్ కార్పస్ బిల్లు వ్యవహారంలో ఇలాగే లెక్కపెట్టారు. 57 – 55 అని తేలింది. కలిపితే 112. ఆ రోజు హాజరు పట్టీలో ఉన్నది 107 మందే!

ఒక స్థూలకాయుడైన ప్రభువు బయటికి వస్తుంటే లెక్కించేవాడు సరదాకి పది అన్నాడని, ఎదుటివాడు పరధ్యానంలో ఒప్పేసుకున్నాడని బిషప్ బర్నెట్ రాసిపెట్టాడు. ఆ కథ ఎంత నిజమో గానీ హాజరుకూ ఓట్లకూ పొంతన లేదన్నది రికార్డులో ఉంది. ఆ చట్టం బతికింది. ఇవాళ మన ఊళ్లో పోలీసులు ఒకరిని పట్టుకుపోయి కోర్టుకు చూపించకపోతే, 226వ అధికరణ కింద హైకోర్టులో వేసే పిటిషన్ పేరు కూడా అదే.

సభ తలుపు తెరుచుకోకముందు మందసలో

బారువ, మందసలున్న మా ప్రాంతానికి చట్టసభ విలువ ఊరికే తెలియలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ తాలూకాలు గంజాం జిల్లాలో ఉండేవి. మందస జమీందారీలో రైతులకు అడవి కట్టె మీద కూడా హక్కు లేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, రైతులను పట్టుకుపోతున్న పోలీసులకు ఎదురు నిలిచిన సాసుమాను గున్నమ్మ కాల్పుల్లో నేలకొరిగింది. అప్పటికి ఆమె గర్భిణి. ఆమెతో పాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు.

మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దు చేస్తూ 1948లో 26వ చట్టం చేసింది. ఆ చట్టంలో ప్రతి క్లాజు వెనకా గున్నమ్మ లాంటివాళ్ల రక్తం ఉంది.

ఓడిన ప్రకాశం ఎవరు?

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న ప్రకాశం పంతులే జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. భూమికి హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలుకు మాత్రమే పరిమితమని ఆ సంఘం 1938లో తేల్చింది. కాంగ్రెస్ మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో ఆ పని చట్టం దాకా రాలేదు.

అంటే 1954లో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరూ జమీందారీని వ్యతిరేకించినవాళ్లే. నిషేధం గాంధీగారి ఆశయమని ఒకవైపు నమ్మకం, గీతకారుడి పొట్ట కొట్టే చట్టం ఆశయమెలా అవుతుందని రెండోవైపు ప్రశ్న. రెండింటిలోనూ నిజాయితీ ఉంది. అలాంటి తగవు తీరాల్సిన చోటు సభే.

ప్రభుత్వం పడింది, చట్టం పడలేదు

అవిశ్వాసం నెగ్గినంత మాత్రాన నిషేధ చట్టం ఆ సాయంత్రమే పోలేదు. అవిశ్వాస తీర్మానం మంత్రులను దించగలదు గానీ చట్టాన్ని రద్దు చేయలేదు. దానికి మళ్లీ బిల్లు, మళ్లీ మూడు దశలు కావాలి. ఈ తేడా తెలియక చాలామంది నిరాశపడతారు.

1955 ఫిబ్రవరి ఎన్నికల్లో 196 స్థానాలకు కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కలిసి 146 గెలిచాయి. కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ఆ మంత్రివర్గంలో లచ్చన్నకూ చోటు దక్కింది. కొత్త సభ స్పీకర్ ఎవరో తెలుసా? మన టెక్కలి ప్రతినిధి రొక్కం లక్ష్మీనరసింహం దొర.

టెక్కలి, నిషేధం మరోసారి

1994 ఎన్నికల్లో ఎన్‌.టి.రామారావు హిందూపురంతో పాటు టెక్కలి నుంచీ గెలిచి, తర్వాత టెక్కలిని వదులుకున్నారు. ఆయన ఇచ్చిన పెద్ద హామీ సంపూర్ణ మద్యనిషేధం. 1995 జనవరి 16న అది అమల్లోకి వచ్చింది, 1997లో సడలింది. ఈసారి ఆ కోరిక నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడిన ఆడవాళ్ల నుంచి వచ్చింది. అంతకు నలభై ఏళ్ల ముందు నిషేధం వద్దన్నది పేదవాడి గొంతే, నిషేధం కావాలన్నదీ పేదింటి గొంతే. రెంటినీ వినాల్సిన బాధ్యత ఒకే సభది.

ఇప్పుడు మన వంతు

సభలో ఒక పనిదినానికి ప్రశ్నోత్తరాలుంటాయి, వాయిదా తీర్మానాలుంటాయి, బిల్లులుంటాయి, చివరికి ఓటు ఉంటుంది. జరిగినదంతా అక్షరం పొల్లుపోకుండా రికార్డవుతుంది. లండన్‌లో ఆ రికార్డు జనం చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. మనకు పుట్టుకతోనే వచ్చింది గనుక తెరిచి చూడటం మానేశాం.

ఉద్దానం కిడ్నీ వ్యాధి గురించి ఊరూరా తిరిగినవాళ్లూ, రాసినవాళ్లూ, సభలో అడిగినవాళ్లూ ఉన్నారు కనుకే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తలుపులు తెరిచింది. జీడిపిక్క ధర, కొబ్బరి తోటల నష్టం, తాగునీరు, వలస... ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని రోడ్డు వేస్తావా అని అడుగుతాం. గెలిచాక సభలో ఏ ప్రశ్న వేశావు, ఏ బిల్లు మీద మాట్లాడావు, ఓటింగ్ రోజున ఎక్కడున్నావు అని కూడా అడగాలి. నియమాలు తెలిసిన ఒక్క సభ్యుడు ఉన్నా ఊరి గోడును ప్రభుత్వం జవాబు చెప్పక తప్పని ప్రశ్నగా మార్చగలడని లచ్చన్న చేసి చూపించారు. అలాంటి సభ్యుణ్ని పంపడం, పంపాక ఆయన పని మీద కన్నేసి ఉంచడం ఓటరుగా మన చేతిలోనే ఉన్నాయి.